చిన్న ఊరికి మురుగునీటి శుద్ధి: మీ దగ్గర ఏది నిలబడింది?

ఊరికాలువ:
ఇంటింటికీ కుళాయిలొచ్చాక మా ఊళ్ళో నీళ్ళ వాడకం బాగా పెరిగింది, ఆ మురుగంతా కాలువలో పడి చివరికి చెరువులోకే పోతోంది, చెరువు నిండా గుర్రపుడెక్క. ఒకాయనేమో కరెంటు ప్లాంట్ పెట్టమంటాడు, ఇంకొకాయన మొక్కల బెడ్ చాలంటాడు. వాడి చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మట్టిబాట:
కరెంటు ప్లాంట్ జోలికి పోవద్దు అన్నా. మా దగ్గర మురుగులోకి గాలి ఊదే బ్లోయర్ ప్లాంట్ పెట్టారు. అందులో మురికిని తినేది బ్యాక్టీరియానే, కరెంటు పోయి గాలి అందకపోతే అవి చస్తాయి, కరెంటొచ్చాక మళ్ళీ పెరిగి దారిన పడేసరికి వారాలు పడుతుంది. ఇప్పుడు బ్లోయరే కాలిపోయింది, బాగుచేసేవాడు దొరకట్లేదు, మురుగు వచ్చింది వచ్చినట్టే బయటికి పోతోంది.

జమ్ముగడ్డి:
మాది మొక్కల బెడ్డే, బాగా నడుస్తోంది. సుమారు 60 సెంటీమీటర్ల లోతు కంకర, దాంట్లో జమ్ము, మెట్టతామర. నీళ్ళు కంకర పైకి తేలకూడదు, లోపల్లోపలే పారాలి, అప్పుడే దోమ చేరదు. మొక్కలే మురికంతా పీల్చేస్తాయని చాలామంది అనుకుంటారు గానీ ఎక్కువ పని రాళ్ళకి పట్టిన జిగురు పొరలో ఉండే సూక్ష్మజీవులదే. ఇదేం కొత్త ప్రయోగం కాదు, జర్మనీలో కేథే సైడల్ అనే శాస్త్రవేత్త 1950ల్లోనే మొదలుపెట్టారు. అసలు కీలకం బెడ్డుకి ముందుండే సెట్లింగ్ ట్యాంకు, అంటే మురుగులోని బురద అడుక్కి దిగే తొట్టి. అది నిండినా తోడకపోతే బురద బెడ్డులోకి వచ్చేస్తుంది. మేం ఒకసారి ఇన్‌లెట్ దగ్గర కంకర తవ్వి చూస్తే నల్లటి ముద్ద, కుళ్ళిన గుడ్ల వాసన, రాయికీ రాయికీ మధ్య సందే లేదు. ఆ భాగమంతా తీసి కడిగి మళ్ళీ పరిచాం. అందుకే చెప్తున్నా, ట్యాంకు తోడే మనిషెవరో ముందే తేల్చుకోండి, మొక్కల సంగతి తర్వాత.

నీలికుంట:
స్థలం ఉంటే వరసగా కుంటలు తవ్వండి, మోటారే అక్కర్లేదు. మొదటిది లోతుగా 2 నుంచి 5 మీటర్లు, గాలి లేకుండానే కుళ్ళుతుంది. రెండోది 1–2 మీటర్లు, అక్కడ నాచే పగలంతా ఆక్సిజన్ ఇస్తుంది. చివరిది మీటరు లోతుంటే చాలు, ఎండకి క్రిములు బాగా తగ్గుతాయి. గట్ల మీద గడ్డి మాత్రం కోస్తూ ఉండాలి, లేదంటే దోమలే దోమలు.

బావిగట్టు:
ఒక్కమాట, ఏది కట్టినా తాగే బావులు చూసుకోండి. ఇంకుడు గుంతలైతే నేలలో నీళ్ళు పైపైనే ఉన్నచోట వద్దే వద్దు, మురుగులోంచి నైట్రేట్ బావిలోకి దిగితే మరిగించినా పోదు, పసిపిల్లలకి చాలా ప్రమాదం.

ఊరికాలువ:
అందరికీ థాంక్స్. చెరువు పక్కన ఖాళీ జాగా కొంచెమే ఉంది, కుంటలకి చాలదు, సో మొక్కల బెడ్డే అనుకుంటున్నా. ట్యాంకు తోడటానికి కూలీల్ని దింపొచ్చా?

జమ్ముగడ్డి:
అస్సలు దింపకండి అన్నా! లోపల విషవాయువు ఉంటుంది, అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలీదు, మనిషి అక్కడే పడిపోతాడు, కాపాడదామని దిగినవాడూ పోతాడు. పంపు ట్యాంకర్‌తో పైనుంచే లాగించండి, ట్యాంకర్ దగ్గరిదాకా వచ్చేలా దారి ఇప్పుడే వదలండి. బెడ్డు సైజు వేసేముందు కాలువ చివర బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కొలిచి రాసుకోండి. పొద్దున వచ్చే ఉధృతి చూడకుండా వేస్తే బెడ్డు పొంగుతుంది. కొలిచాక లెక్కలు ఇక్కడే పెట్టండి, సైజు చూద్దాం.