డెకొరేటర్ క్లాసుల్లో రాసిందే మళ్లీ రాయాల్సి వస్తోంది, టెంప్లేట్లతో తగ్గుతుందా?

కాంటా_మిర్యాలగూడ
రైస్ మిల్లుల వేబ్రిడ్జికి సీ ప్లస్ ప్లస్‌లో సాఫ్ట్‌వేర్ రాస్తాను. కాంటా ఇంటర్‌ఫేస్‌లో 11 ఫంక్షన్లు. దాని మీద లాగ్, రౌండింగ్, రీట్రై (ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించేది) డెకొరేటర్లు, అంటే అదే ఇంటర్‌ఫేస్‌తో లోపలి ఆబ్జెక్ట్‌ను చుట్టి, అదనపు పని చేసే క్లాసులు. లాగ్, రౌండింగ్ మార్చేది ఒకటో రెండో, మిగతావన్నీ లోపలి ఆబ్జెక్ట్‌కు ఫార్వర్డ్ చేసే లైన్లే. మొన్న ఖాళీ లారీ బరువు ఫంక్షన్ చేర్చి, ఇంటర్‌ఫేస్‌లో డిఫాల్ట్‌గా సున్నా ఇచ్చేలా పెట్టాను. లాగ్ క్లాసులో ఫార్వర్డ్ చేయడం మరిచిపోయాను. కంపైలర్ కిక్కురుమనలేదు. స్లిప్పులో టేర్ (ఖాళీ లారీ బరువు) సున్నా పడి, లారీ బరువు కూడా వడ్ల కిందే లెక్కకొచ్చింది. గుమస్తా చూశాడు కాబట్టి సరిపోయింది.

పాలమూరు_కోడ్
ముందు ఆ డిఫాల్ట్ తీసెయ్ అన్నా. ప్యూర్ వర్చువల్ (కింది క్లాసు తప్పక రాయాల్సిన ఫంక్షన్) చేస్తే, మరిచిన క్లాసుతో ఆబ్జెక్ట్ చేయబోగానే కంపైలర్ ఆపుతుంది. ఫార్వర్డ్ లైన్లు 11 ఒక్క బేస్ క్లాసులో రాసి, డెకొరేటర్లన్నీ దాన్నే ఇన్‌హెరిట్ చేసుకోవాలి. దీనికి టెంప్లేటే అక్కర్లేదు.

నల్లగొండ_ల్యాబ్
టెంప్లేట్ (టైపునే పారామీటర్‌గా తీసుకునే కోడ్) దారి వేరు. పేరెంట్ క్లాసే పారామీటర్‌గా వస్తుంది, లాగ్ దాన్నే ఇన్‌హెరిట్ చేస్తుంది. మార్చాల్సిన ఫంక్షన్ ఒక్కటే రాస్తే చాలు. కన్‌స్ట్రక్టర్లు సీ ప్లస్ ప్లస్ 11 నుంచి ఒక్క యూజింగ్ లైనుతో వస్తాయి. పేరెంట్ ఫంక్షన్‌ను మారుస్తున్నామని చెప్పే ఓవర్‌రైడ్ అనే మాట తప్పకుండా రాయండి, కాన్‌స్ట్ మరిచినా దొరికిపోతుంది. కానీ పొరలు కంపైల్ చేసేటప్పుడే ఖరారవుతాయి. సెట్టింగ్స్ ఫైలు చూసి మార్చాలంటే మూడు పొరలకే 8 కలయికలు, వరస మారితే ఇంకా ఎక్కువ.

కాంటా_మిర్యాలగూడ
మాకు మిల్లుకో తీరు. రౌండింగే వద్దనేవాళ్లు ఉన్నారు.

పాలమూరు_కోడ్
అయితే ఆ దారి వద్దన్నా. దాంతో నాకు ఇంకో దెబ్బ తగిలింది. లోపలి క్లాసులో నికర బరువు ఫంక్షన్ మొత్తం బరువును పిలిస్తే, ఆ పిలుపు పైపొర ఓవర్‌రైడ్‌కే వెళ్లింది. లాగ్‌లో ఒక్క తూకానికి రెండు లైన్లు పడ్డాయి. ఆబ్జెక్ట్‌ను చుట్టే పద్ధతిలో అలా జరగదు.

నల్లగొండ_ల్యాబ్
రీట్రైలో మాత్రం టెంప్లేట్ వాడండి. అక్కడ ప్రతి ఫంక్షన్‌లో అదే లూప్, అదే ట్రై, అదే క్యాచ్. లాంబ్డా (అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్) తీసుకునే ఒక్క టెంప్లేట్ ఫంక్షన్‌లో అదంతా పెట్టేస్తే ఒక్కో ఫంక్షన్ ఒక్క లైనుకు వస్తుంది. రిటర్న్ టైప్ ఏదైనా ఇబ్బంది లేదు, డెక్ల్‌టైప్ ఆటో, అంటే decltype(auto), చూసుకుంటుంది. స్లిప్ నంబరు పెంచే ఫంక్షన్ ఉంటే దాన్ని ఆ లూపులో వేయకండి. నంబరు పెరిగాక కనెక్షన్ తెగితే మళ్లీ పెరుగుతుంది.

కాంటా_మిర్యాలగూడ
బేస్ క్లాసు రాసేశాను, లాగ్ క్లాసు 60 లైన్ల నుంచి 14కు వచ్చింది. స్లిప్ నంబరు నా లూపులోనే ఉంది, ఇప్పుడే తీస్తున్నాను. ముందు ఒక్క మిల్లులో వేసి, వారం పాటు స్లిప్పులు చూసుకుంటాను.