బ్యోమకేశ్ బక్షీ ధారావాహిక మనసులో ఉన్నవారికి 2015 నాటి చిత్రం ఎందుకు నిలవలేదు?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ గారి దర్శకత్వంలో వచ్చిన బ్యోమకేశ్ బక్షీ అనే అపరాధ పరిశోధన ధారావాహికను నేను హైస్కూలు రోజుల్లో మా పక్కింటి వసారాలో చాప మీద కూర్చుని చూశాను. మా వీధిలో హిందీ బాగా తెలిసినవారు ఒక్కరే ఉండేవారు. రైల్వేలో పనిచేసి ఉత్తరాది ఊళ్లు తిరిగి వచ్చిన ఆ పెదనాన్నగారు ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతూ ఉంటే, మేము తెర వంక ఒక కన్నూ ఆయన వంక ఒక చెవీ వేసి ఉండేవాళ్లం. సగం మాటలు అర్థం కాకపోయినా, బ్యోమకేశ్‌గా రజిత్ కపూర్ గారు పంచె కట్టుకుని నెమ్మదిగా గదిలోకి వచ్చి ఎదుటివారు చెప్పేది వింటూ కూర్చున్న తీరు మాత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

పోయిన వారం డిగ్రీ చదువుతున్న మా అమ్మాయితో కలిసి దిబాకర్ బెనర్జీ గారు అదే బ్యోమకేశ్ మీద 2015లో తీసిన చిత్రం చూశాను. ఎంతో ఆశతో కూర్చున్నాను. పాత కలకత్తా వీధులూ, ట్రాములూ, గోడల మీది ప్రకటనలూ ఎంత శ్రద్ధగా నిలబెట్టారో చూసి మొదటి అరగంట సంతోషించాను కూడా. బ్యోమకేశ్‌గా సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ గారి నటనలోనూ లోపం ఎంచలేను. అయినా సగం గడిచేసరికి హంతకుడు ఎవరైతే నాకేమిటి అనే స్థితికి వచ్చాను. ఇది చిన్ననాటి మమకారం వల్ల కలిగిన అసంతృప్తి మాత్రమేనా, లేక చిత్రం అల్లికలోనే ఏదైనా లోపం ఉందా? రెండూ చూసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

జవాబు (ఒంగోలు నుంచి, విశ్రాంత హిందీ పండితురాలు)

మీది వట్టి మమకారం కాదండీ. నేను ఆ ధారావాహికను పిల్లలకు హిందీ వినికిడి అలవాటు కావడానికి చూడమని చెప్పేదాన్ని, ఆ తరవాత దానికి మూలమైన బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ గారి కథలను హిందీ అనువాదంలో చదివాను. ఆయన 1932లో ఈ కథలు మొదలుపెట్టినప్పుడు తన నాయకుణ్ణి డిటెక్టివ్ అని పిలిపించలేదు, సత్యాన్వేషి అన్నారు. ఆ మాటలోనే అతని పని తీరు ఉంది. అతను పరుగెత్తడు, కొట్టడు. ఒక ఇంట్లోకి వెళ్లి, ఆ ఇంటి మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారో గమనించి, వీలునామా వెనకా మర్యాద వెనకా దాగిన దురాశను బయటికి తీస్తాడు. అలాంటి ఇళ్లు మన ఒంగోల్లోనూ ఉన్నాయి కనుకనే ఆ బెంగాలీ కుటుంబాలు మనకు పరాయివిగా అనిపించలేదు.

'మక్డీ కా రస్' అనే భాగం గుర్తుందా? అందులో పరిశోధించవలసిన హత్యే లేదు. మంచం దిగని ఒక ముసలాయనకు ఇంటివారు కాపలా కాస్తున్నా మత్తు పదార్థం ఎలా అందుతోందన్నదే ప్రశ్న. బ్యోమకేశ్ తాను వెళ్లకుండా తన స్నేహితుడు అజిత్‌ను పంపి, అతను వచ్చి చెప్పినదంతా విని, కూర్చున్నచోటనే చిక్కు విప్పుతాడు. నాలుగు గదులూ కొన్ని మాటలూ తప్ప మరేమీ లేని ఆ కథను మనం ఊపిరి బిగబట్టి చూశాం. చిత్రంలోనైతే 1943 నాటి ప్రపంచ యుద్ధం, జపాన్ దండయాత్ర, చైనా మత్తుమందుల ముఠా, స్వాతంత్ర్యోద్యమ రాజకీయం, ఒక నటీమణి రహస్యం అన్నీ ఒక్క నేరంలోకి వచ్చి పడ్డాయి. నేరం పెద్దదైన కొద్దీ అందులోని మనిషి చిన్నవాడైపోతాడు. ఒక నగరం మొత్తానికి ఆపద వచ్చిందని చెప్పినప్పుడు కలగని భయం, ఆస్తి కోసం పినతండ్రిని చంపిందెవరో తెలియనప్పుడు కలుగుతుంది.

ఇంకొక లోపం నా దృష్టిలో దీనికంటే పెద్దది. దాన్ని హంతకుడి పేరు చెప్పకుండా వివరించలేను కనుక, చిత్రం చూడనివారు ఈ పేరా వదిలేయండి. ధారావాహిక మొదటి భాగమైన 'సత్యాన్వేషి'లో మెస్సు నడిపే డాక్టరు అనుకూల్ బాబే దోషి. చిత్రం ఆ పాత్రనే, దాదాపు ఆ పేరుతోనే, ఆ మెస్సుతో సహా తీసుకుని చివరకు అతన్నే దోషిగా చూపింది. నీరజ్ కబీ గారు ఆ పాత్రను ఎంత చక్కగా పోషించినా, ఆయన తెర మీదికి వచ్చిన క్షణమే మనకు సమాధానం తెలిసిపోయింది. తెలిసిన సమాధానాన్ని దాచడానికి తెచ్చిపెట్టిన సందడిలాగా మిగతా కథంతా కనిపించింది.

జవాబు (నెల్లూరు నుంచి)

నేను చిత్రం విడుదలైన రోజుల్లో ఇంజనీరింగ్ చదువుతున్నాను, ధారావాహికను ఆ తరవాతే చూశాను. అందువల్ల నా మాట కొంత వేరుగా ఉంటుంది, పెద్దలు అన్యథా భావించవద్దు. ఆ చిత్రం ధారావాహికను తిరిగి తీయలేదు. మూల కథల హక్కులు తీసుకుని, బ్యోమకేశ్ ఇంకా బ్యోమకేశ్ కాకముందు ఎలా ఉండేవాడో ఊహించింది. జపాన్ విమానాలు 1942 డిసెంబరులో కలకత్తా మీద నిజంగానే బాంబులు వేశాయి కాబట్టి యుద్ధ నేపథ్యం తెచ్చిపెట్టుకున్నదని అనలేను. తప్పులు చేస్తూ, అవమానపడుతూ నేర్చుకునే కుర్రవాణ్ణి చూపడం నాకు ఎంతో నచ్చింది. ఆ కాలపు దృశ్యాల మీద నేటి రాక్ సంగీతం వినిపించడం కూడా తెలిసి చేసిన పనే.

అయితే మేడమ్ గారు చెప్పిన పేరా చదివాక ఒక సంగతి ఒప్పుకుంటున్నాను. ధారావాహిక తెలియని నాకు దోషి ఎవరన్నది నిజంగానే ఆశ్చర్యం కలిగించింది. ఆ ఆశ్చర్యం లేకుండా చూస్తే చివరి ఇరవై నిమిషాల్లోని రక్తపాతమే మిగులుతుందని ఇప్పుడు అర్థమవుతోంది. పైగా ఆ ముగింపు రెండో భాగం కోసం తెరిచి ఉంచినది. అది రాలేదు. సుశాంత్ గారు 2020 జూన్ 14న వెళ్లిపోయారు, అదే నెల 4వ తేదీన బాసు చటర్జీ గారు కన్నుమూశారు. పది రోజుల వ్యవధిలో ఇద్దరూ లేకుండా పోవడం నన్ను చాలా బాధపెట్టింది.

జవాబు (పొదిలి నుంచి)

అజిత్ సంగతి ఎవరూ రాయలేదు. ధారావాహికలో కె.కె. రైనా గారి అజిత్ మనలాంటివాడు; మనకు కలిగిన సందేహమే అడిగి, మనం పొరబడినచోటే పొరబడతాడు. చిత్రంలో అజిత్ తన తండ్రి కనబడటం లేదని బ్యోమకేశ్ దగ్గరికి వస్తాడు, అంటే నేరం అతని సొంత ఇంటిదే. దుఃఖంలో ఉన్న కొడుకు మన తరఫున ప్రశ్నలు అడగలేడు కదా. ఆనంద్ తివారీ గారిది తప్పు కాదు, కథలో ఆ చోటు ఖాళీ చేసి ఆయనను మరొకచోట నిలబెట్టారు.

ప్రశ్న అడిగినవారు (కావలి)

అందరికీ కృతజ్ఞతలు. అజిత్ గురించి చదువుతుంటే మా పెదనాన్నగారు గుర్తుకువచ్చారు. మా వసారాలో ఆయనే మాకు అజిత్. నెల్లూరు తమ్ముడు చెప్పినట్టు మా అమ్మాయి కూడా దోషిని ముందుగా పట్టుకోలేదు, అయినా ఆమెకు చిత్రం నచ్చలేదు. ఎవరు ఎవరి పక్షమో తెలుసుకోవడానికే అలసిపోయానని అన్నది. ఇప్పుడు ఆమెకు ధారావాహిక చూపించాలని ఉంది. మొదటి భాగం నుంచే మొదలుపెట్టమంటారా, మేడమ్ గారూ?

జవాబు (ఒంగోలు)

వద్దండీ, మొదటి భాగంలోని దోషి అమ్మాయికి చిత్రం వల్ల ఇప్పటికే తెలిసిపోయాడు. రెండోదైన 'రాస్తే కా కాంటా'తో మొదలుపెట్టండి. దారిన పోయే మనుషుల గుండెల్లో గ్రామఫోను ముల్లు దిగబడి ప్రాణాలు పోతుంటాయి, చప్పుడు ఉండదు, కొట్టినవాడు కనబడడు. అజిత్ ఏమి అడుగుతున్నాడో అమ్మాయిని గమనించమనండి. మీరు మాత్రం సమాధానం ముందుగా చెప్పకుండా పక్కన కూర్చోండి.