సైనస్‌కి సరిపోయే తెలుగు మాట?

అరసున్న: 'మఖి భఖి ఫఖి ధఖి...' తర్వాత నఖినా, ణఖినా? రెండు రోజులుగా నోట్లో ఇదే తిరుగుతోంది. అక్షరాలనే అంకెలుగా రాసిన ఆర్యభటుడి జ్యాపట్టిక (సైన్ పట్టిక) వెతకబోతే ఇంకో సందేహం పట్టుకుంది. ముక్కు చుట్టూ ఉండే గాలి అరలు సైనస్‌లు. ఈసీజీలో గుండె మామూలు లయ సైనస్ రిథమ్. చంద్రుడి మీద సైనస్ ఇరిడమ్ అనే మైదానం. లెక్కల్లో సైన్. లాటిన్‌లో అన్నిటికీ ఒకటే మాట. అన్నిటికీ కుదిరే తెలుగు మాట ఉందా?

గసడదవలు: ణఖే. ఒక్కో మాటా వరుస జ్యాల మధ్య తేడా. మ 25, ఖి 200, మొత్తం 225. ఆపై 224, 222, 219. న అంటే 20, అప్పుడు 220 వస్తుంది. తగ్గుతూ పోవాల్సిన తేడా పెరుగుతుందా? ణ 15 కాబట్టి 215. ఛందస్సుతో పని లేదు, లెక్కే అక్షరాన్ని దిద్దుతుంది.

ముక్తపదగ్రస్తం: అసలు తిరకాసు ణ దగ్గర లేదండీ, 'జీవా' దగ్గర ఉంది. జ్యా అన్నా జీవా అన్నా వింటినారే. అరబ్బులు దాన్ని జీబా అని రాసుకున్నారు. వాళ్ల రాతలో పొట్టి అచ్చులు రాయరు కాబట్టి తర్వాతివాళ్లు దాన్నే జైబ్ అని చదివారు. జైబ్ అంటే బట్ట మడత, రొమ్ము మీది ఒడి. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్లు సైనస్ అన్నారు. మన జేబు కూడా అదే. జీవా పడమటికి వెళ్లి జేబై తిరిగొచ్చింది!

గసడదవలు: అక్కడే పొరపాటు. జేబు జీవాలోంచి పుట్టలేదు. జైబ్ అరబ్బీలో ముందే ఉన్న మాట, జీబా దాని చొక్కా తొడుక్కుందంతే. అనువాదకుణ్ని తిట్టడమూ తప్పే. రోమన్లు టోగా మడతలో డబ్బు సంచి పెట్టుకునేవారు, దాన్నీ సైనస్ అనేవారు. జైబ్ అని చదివినవాడికి అంతకన్నా సరైన మాట ఎక్కడ దొరుకుతుంది?

చంపకమాల: రొమ్ము మీది మడత అంటే నాకు 'శ్రీకుచోపరి చేలాంచలమైన వీడడు' గుర్తొచ్చింది. ఏనుగు ప్రాణం కోసం పరుగెత్తే తొందరలో ఆ కొంగు కూడా వదల్లేదు! పోతన తప్ప ఇంకెవరు రాస్తారండీ. ఎంత శార్దూలం!

ముక్తపదగ్రస్తం: మత్తేభం. 'సిరికిం' అని రెండు లఘువులతో ఎత్తుకున్నాడు కదా. పైగా అంచలం అంటే అంచు, మడత కాదు.

చంపకమాల: మత్తేభమే, ఒప్పుకుంటా. ఏనుగు కథకి అదే పొసుగుతుంది కూడా. కానీ చేత్తో పట్టుకున్న కొంగులో మడత పడదా?

అరసున్న: పోతన సరే. ముక్కు సంగతి?

గసడదవలు: 'ఒడి' పెట్టండి. చంద్రుడి మీద 'ఇంద్రధనుస్సుల ఒడి' ఎంత బాగుంది! సైనస్ అంటే అఖాతం కూడా, నేల ఒడిలోకి నీళ్లు వచ్చినచోటు. పాపానికి ఒడిగట్టడం కూడా కొంగున కట్టుకోవడమేనని నా అనుమానం.

అరసున్న: 'ముక్కు ఒడి వాచింది' అని డాక్టర్‌తో ఎలా చెప్పను? గుండెకి అసలే కుదరదు. అక్కడ లయ మొదలయ్యే కణుపుకి ఆ పేరు పిండదశలోని సైనస్ వీనోసస్ అనే గది నుంచి వచ్చింది.

ముక్తపదగ్రస్తం: ముక్కుకి కోటరం (తొర్ర) చాలు. ఇంతకీ పోతన 'చేలాంచలము' అన్నచోట 'పైటకొంగు' అని ఎందుకు అనలేదంటారు?

చంపకమాల: 'వివాదప్రోద్ధత' అని మొదలుపెట్టిన సమాసంలో పైటకొంగు ఎక్కడ ఇముడుతుందండీ!