గాట్స్‌బీలో మెచ్చుకోవాల్సింది ఏముంది?

అలిపిరి_అమ్మాయి:
అందరికీ నమస్తే. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మే ఇంగ్లీషు చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్‌లో ఫిట్జ్‌గెరాల్డ్ నవల ‘ద గ్రేట్ గాట్స్‌బీ’ (1925) మీద మాట్లాడాలి, టెన్షన్‌గా ఉంది. ఇందులో హీరో గాట్స్‌బీ దొంగసారా అమ్మి డబ్బు చేసుకున్నాడు, పేరు మార్చుకున్నాడు, తన గురించి అబద్ధాలు చెప్పాడు, పెళ్లైపోయిన పాత ప్రియురాలు డైసీ కోసం ఆమె ఇంటికి ఎదురొడ్డున భవంతి కొని పార్టీల మీద పార్టీలిచ్చాడు. అయినా పుస్తకం మూసేసరికి అతనంటే గౌరవం కలిగింది. ఎందుకో చెప్పలేకపోతున్నా. క్లాసులో అందరూ మిస్టరీ, పెద్ద కలలు అంటున్నారు. అవి విలన్లకూ ఉంటాయి కదా?

మదనపల్లె_మాస్టారు:
మిస్టరీని పక్కన పెట్టమ్మా. జర్మన్ గూఢచారి అని ఒకరు, మనిషిని చంపాడని ఇంకొకరు, ఆ పుకార్లన్నీ మన చేత పేజీలు తిప్పించడానికే. చివరి అధ్యాయంలో వాళ్ల నాన్న మిన్నెసోటా నుంచి వచ్చి ఒక పాత పుస్తకం చూపిస్తాడు చూడు, అందులో 1906లో కుర్రాడిగా రాసుకున్న టైంటేబుల్ ఉంటుంది. ఆరింటికి లేవాలి, డంబెల్స్ ఎత్తాలి, కరెంటు గురించి చదవాలి, నలుగురిలో మాట్లాడటం ప్రాక్టీసు చేయాలి. తిరుపతి కోచింగ్ హాస్టళ్లలో పిల్లలు మంచం పక్కన గోడకు అంటించుకునే కాగితం లాంటిదే. దాని కిందే, వారానికి ఐదు డాలర్లు దాచాలని రాసి, ఐదు కొట్టేసి మూడు చేశాడు. నేనెప్పుడూ అక్కడ ఆగిపోతాను. తన చేతిలో ఎంతుందో చూసుకుని, అయినా మానకుండా రాసుకున్న పిల్లాడు వాడు. తల్లిదండ్రులతో ఇంకా బాగుండాలి అన్నది ఆఖరి లైను. ఇల్లు వదిలి పారిపోయినవాడే, చనిపోవడానికి రెండేళ్ల ముందు వెళ్లి తండ్రికి ఇల్లు కొనిచ్చాడు.

చిత్తూరు_చదువరి:
మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది కానీ ఆ డబ్బు సంగతి అంత తేలిగ్గా వదిలేయలేను. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో మందుల షాపులు పెట్టి వాటి చాటున సారా అమ్మాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం మన జిల్లాకూ వచ్చింది, ఎందుకొచ్చిందో మా అమ్మ తరం వాళ్లనడిగితే చెప్తారు. నాకు అతను నచ్చేది ఒక్కచోటే. కారు నడిపింది డైసీ, ఆ కారు కింద పడి చనిపోయింది మర్టిల్ అనే ఆవిడ, నేరం తన మీద వేసుకుంటానన్నాడు గాట్స్‌బీ. డైసీ భర్త టామ్ ఆమెనేమైనా చేస్తాడేమోనని రాత్రంతా వాళ్లింటి బయట కాపలా కాశాడు. లోపల మొగుడూ పెళ్లాం రాజీ పడిపోయి కూర్చున్నారు. వాళ్లందరినీ కలిపినా నీకు సాటిరారని మర్నాడు కథ చెప్పే నిక్ అతనితో అంటాడు, ఆ వెంటనే మొదటి నుంచీ చివరిదాకా అతని పద్ధతి తనకు నచ్చలేదనీ మనతో చెప్తాడు. చెల్లెమ్మా, ఆ రెండూ కలిపే చెప్పు సెమినార్‌లో.

రేణిగుంట_రైలు:
ప్లాజా హోటల్ గొడవ మర్చిపోవద్దు. టామ్‌ని ఎప్పుడూ ప్రేమించలేదని చెప్పమని గాట్స్‌బీ అక్కడ డైసీని నిలదీస్తాడు, ఆమె చెప్పలేక నలిగిపోతుంది. తాము విడిపోయాక ఐదేళ్లు ఆమెకూ గడిచాయని ఒప్పుకోడు. త్యాగం ఎంత నిజమో ఈ మొండితనమూ అంతే నిజం.

అలిపిరి_అమ్మాయి:
థాంక్యూ సార్, అక్కా, అన్నా. టైంటేబుల్‌తో మొదలుపెట్టి కాపలా సీన్ దాకా వెళ్తాను. ప్లాజా సీన్ తీసేద్దామనుకున్నా, ఇప్పుడు తీయను. అంత్యక్రియలకు పార్టీల జనంలో ఆ కళ్లజోడు ఆయన తప్ప ఎవరూ రాలేదు కదా, దాని గురించి ఎవరైనా రాస్తారా?