తార గాంధారం దగ్గర గొంతు విరుగుతోంది – హెడ్ వాయిస్ (పై గొంతు) బలపడాలంటే?

పాలకొల్లు_పాట:
నమస్కారమండి. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను, నాది ఐదున్నర శ్రుతి, వర్ణాలు నడుస్తున్నాయి. తార (పై స్థాయి) రిషభం దాకా నిండుగానే పలుకుతుంది. అంతర గాంధారం దగ్గర గొంతు చటుక్కున విరిగి, ఆపైన గాలి కలిసిన సన్నటి గొంతు వస్తోంది. గట్టిగా తోస్తే పంచమం అందుతుంది గానీ పది నిమిషాలకే గొంతు పట్టేస్తోంది. ధనుర్మాసం నెలంతా గుళ్లో తెల్లవారుజామున పాశురాలు పాడాలి, ఇంకా నాలుగు నెలలుంది. ఆ పై గొంతు బలపడే దారేంటి? అది దొంగ గొంతు, వాడకూడదు అంటున్నారు, నిజమేనా? రోజూ కరక్కాయ బుగ్గన పెట్టుకుంటున్నాను.

గాత్రసాధన_అమలాపురం:
ఐదున్నర అంటే మీ ఆధార షడ్జం సుమారు 208 హెర్ట్జ్, తార షడ్జం 415, తార అంతర గాంధారం 523. మాట్లాడే గొంతునే మార్చకుండా పైకి లాక్కెళ్లే ఆడవాళ్లకు విరుపు ఎక్కువగా ఈ చుట్టుపక్కలే వస్తుంది. కంగారు పడకండి.

లోపల జరిగేది ఇది. స్వరతంతువుల్లోనే ఉన్న కండరం బిగిస్తే అవి పొట్టిగా, మందంగా తయారవుతాయి. అది కింది గొంతు. గొంతు ముడికీ దాని కిందున్న ఉంగరంలాంటి మృదులాస్థికీ మధ్య ఇంకో కండరం ఉంది. అది లాగితే తంతువులు సాగి పలచబడతాయి. అది పై గొంతు. మీరు మొదటి కండరాన్ని రిషభం దాకా వదలకుండా పట్టుకుంటున్నారు. గాంధారం దగ్గర దానికి ఇక చేతకాక ఒక్కసారిగా వదిలేస్తోంది, రెండోదానికేమో అలవాటు లేదు. గొంతు ముడి కిందికి వేలు జార్చండి, చిన్న సందు తగులుతుంది. వేలు అక్కడే ఉంచి 'ఊ' అంటూ కిందినుంచి పైకి జారండి, ఆ సందు ఇరుకవుతుంది. ముడి మొత్తం గడ్డం కిందికి ఎగిరిపోతోందంటే మాత్రం మెడ కండరాలతో లాగుతున్నట్టు లెక్క.

కాబట్టి కింది గొంతును పైకి మొయ్యడం మానేసి, పై గొంతును కిందికి దింపండి. కోకిల కూసినట్టు తార పంచమం మీద మెత్తగా 'కూ' అనండి. గాలి కలిసినా పర్లేదు. అక్కణ్నుంచి ప మ గ రి స, స్వరానికో సెకను చొప్పున, అదే తేలికదనంతో దిగండి. గాంధారం దాటగానే గొంతు లావైపోవాలని చూస్తుంది, అక్కడ ఒప్పుకోకండి. షడ్జం కూడా ఆ పలచటి గొంతుతోనే ముగియాలి. తరవాత అర శ్రుతి దించి మళ్లీ, అలా ఆరు సార్లు. సరళి వరసల్లో ఆరోహణతో మొదలెట్టడం మనకి అలవాటు కనక ఇది మొదట్లో వింతగా ఉంటుంది, కానీ విరుపు మాయమయ్యేది దిగేటప్పుడే.

రెండో సాధన 'ఙ'. 'గంగ' అనబోయి నాలుక వెనక భాగం అంగిలికి తగిలిన చోట ఆగిపోండి. నోరు తెరిచే ఉంటుంది, శబ్దం ముక్కులోంచి వస్తుంది. ఆ ఙకారంతోనే తార షడ్జం నుంచి పంచమం దాకా జారి వెనక్కి రండి. దీన్ని గట్టిగా అరవడం సాధ్యం కాదు, అందుకే మంచిది.

పూటకి పదిహేను నిమిషాలు, రోజుకి రెండు పూటలు. ఏకబిగిన గంట చేస్తే అలిసిన కండరం మళ్లీ పాత పద్ధతికే పోతుంది. మొదటి నెల ఎంత వినిపిస్తోందన్నది పట్టించుకోవద్దు.

హార్మోనియం_మెట్టు:
దొంగ గొంతు సంగతి చెబుతానండి. పెద్దలు కాదన్నది తంతువులు సరిగా కలవకుండా, కింది గొంతుతో పొత్తు లేకుండా తెచ్చే డొల్ల శబ్దాన్ని. తార స్థాయికి వేరే తావుందని మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. మంద్రం హృదయంలో, మధ్యం కంఠంలో, తారం శిరస్సులో పుడతాయని 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో రాశాడు. నిజానికి శబ్దం ఎప్పుడూ గొంతులోనే పుడుతుంది, తలలో తెలిసేది అదురే. మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారి తార స్థాయి వినండి. పైకి వెళ్లేకొద్దీ బరువు తగ్గుతుంది, పలుకు తగ్గదు.

పరీక్ష ఒకటే: ఆ గొంతుతో పట్టిన స్వరాన్ని చిన్నగా మొదలెట్టి, పెంచి, మళ్లీ తగ్గించగలిగితే అది మీదే. పెంచబోతే తెగిపోతే ఇంకా పని ఉంది.

నోరు కూడా చూసుకోండి. తార గాంధారం పైన 'ఈ', 'ఊ' అక్షరాల్ని నవ్వు మొహంతో సాగదీస్తే శబ్దం పిసికినట్టవుతుంది. ఆ ఎత్తులో స్వరం ఆ అచ్చుల మొదటి అనునాదాన్ని, అంటే ఆ అచ్చుకి నోరు, గొంతు సహజంగా మోగే ఎత్తుని, దాటిపోతుంది. దవడ కాస్త వదిలి, 'ఈ'ని 'ఏ' వైపు, 'ఊ'ని 'ఓ' వైపు కొంచెం ఒరగనివ్వండి. వినేవాళ్లకి మాట తేడాగా ఉండదు. పద్యనాటకాలు పాడేవాళ్లు చాలామంది ఇక్కడే తప్పుతారు, అచ్చుని బిగబట్టి మెడ నరాలు తేలేదాకా తోస్తారు.

స్పీచ్_థెరపీ_కాకినాడ:
కరక్కాయ, మిరియాల పాలు, అతిమధురం ఏదీ స్వరతంతువుల్ని తాకదండి. మింగింది అన్నవాహికలోకి పోతుంది, తంతువులుండేది గాలిగొట్టం పైన. కరక్కాయతో లాలాజలం ఊరి గొంతుకి హాయిగా ఉంటుంది, అంతవరకే. తంతువులు మెత్తగా ఉండాలంటే రోజంతా కొద్దికొద్దిగా నీళ్లు తాగాలి. ఆవిరి పట్టాలంటే ఉత్త వేడినీళ్లు, ఐదు నుంచి పది నిమిషాలు. బామ్ వెయ్యొద్దు, అది మంట పుట్టిస్తుంది. రాత్రి పదింటికి చేపల పులుసు తిని వెంటనే పడుకుంటే పులితేన్పులతో ఆమ్లం గొంతుదాకా వచ్చి పొద్దున్నే బొంగురు. తిండికీ నిద్రకీ మూడు గంటల ఎడం ఉంచండి.

మీ సాధనకి స్ట్రా కలపండి. కొబ్బరి బొండాం స్ట్రా లావు, జ్యూస్ స్ట్రా చాలు. గ్లాసు నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, 'ఊ' అంటూ కిందినుంచి పైకీ పైనుంచి కిందికీ జారండి. బుడగలు ఒకే వేగంతో రావాలి. విరుపు దగ్గర ఎగజిమ్మితే అక్కడ గాలి తోస్తున్నారన్నమాట. నోటి దగ్గర అడ్డు ఉండడం వల్ల వెనక్కొచ్చే ఒత్తిడితో తంతువులు గట్టిగా కొట్టుకోకుండానే అదురుతాయి. రెండు మూడు నిమిషాలు చాలు.

నొప్పొస్తే ఆ పూట ఆపెయ్యండి. బొంగురు రెండు మూడు వారాలు దాటినా, చిన్నగా పాడే పై స్వరాలు మాయమై గట్టిగా పాడితేనే వస్తున్నా ఈఎన్‌టీ డాక్టరు దగ్గర స్వరపేటిక చూపించుకోండి. తంతువుల మీద కాయలకి అది తొలి గుర్తు. ఈలోపు గుసగుసగా మాట్లాడ్డం, గొంతు సవరించుకోవడం తగ్గించండి.

పాలకొల్లు_పాట:
చాలా థాంక్సండి. స్ట్రాతో ఇప్పుడే చూశాను, సరిగ్గా గాంధారం దగ్గరే బుడగలు ఎగిరాయి! తెల్లవారుజామున పాడ్డానికి వేరే జాగ్రత్తలున్నాయా?

గాత్రసాధన_అమలాపురం:
ఉన్నాయండి. నిద్ర లేవగానే తంతువులు కాస్త ఉబ్బి ఉంటాయి, పై గొంతు అందదు. పాటకి ముప్పావుగంట ముందు లేవండి, నాలుగు మాటలాడండి, స్ట్రా మూడు నిమిషాలు, ఙకారం రెండు నిమిషాలు, ఆ తరవాత 'కూ'. ఆ వేళకి ఐదు శ్రుతే పెట్టుకోండి. అర మెట్టు దిగితే తార గాంధారం 494కి వస్తుంది, చలిలో ఆ తేడా బాగా తెలుస్తుంది. మైకువాళ్లని అడిగి ఒక స్పీకరు మీవైపు తిప్పించుకోండి. తన గొంతు తనకి వినపడకపోతే ఎవరైనా తోస్తారు.

బలం పెంచే పని రెండో నెల నుంచి. తార షడ్జం మీద 'ఓ', నాలుగు లెక్కల్లో పెంచి నాలుగు లెక్కల్లో తగ్గించండి, రోజుకి ఐదు సార్లు. వారం తరవాత రిషభం, ఆపైన గాంధారం. పెంచేటప్పుడు గొంతు లావైపోయి కిందికి దూకితే, అంతకు ఒక్క మెట్టు ముందు ఆగి తగ్గించండి. ఆ హద్దు వారంవారం కొంచెం కొంచెం జరుగుతుంది. అక్టోబరు చివరికి గాంధారం మీద ఎక్కడాగుతోందో ఇక్కడే రాయండి, అప్పుడు 'ఆ' ఎప్పుడు మొదలెట్టాలో చూద్దాం.