సూర్యుడు పరిగెత్తుతున్నాడని పాపకి ఎలా చూపించాలి?

అస్సలాము అలైకుం, అందరికీ నమస్తే. మా పాపకి 8 ఏళ్లు, మూడో క్లాసు. రోజూ సాయంత్రం మగ్రిబ్ నమాజ్ అయ్యాక ఒక ఇరవై నిమిషాలు ఖురాన్‌లో వచ్చే సూర్యుడు, చంద్రుడి గురించి చెప్తున్నా. చంద్రుడి వరకు చాలా బాగా నడిచింది, నెలవంక కనపడిన రోజు నుంచి మేడ మీదకెళ్లి రోజూ చూసి క్యాలెండర్‌లో బొమ్మ గీసింది, చివర్లో సన్నగా వంగిపోయినప్పుడు సూరా యాసీన్ అనే అధ్యాయం 39వ ఆయత్‌లో (వాక్యంలో) ఎండిన ఖర్జూరపు మట్టతో పోల్చింది ఇదేనా అమ్మీ అని తనే అడిగింది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇరుక్కుపోయింది దాని ముందున్న 38వ ఆయత్ దగ్గర. అక్కడ సూర్యుడు సాగిపోతున్నాడని ఉంది, స్కూల్లో ఏమో సూర్యుడు కదలడు భూమే తిరుగుతుంది అన్నారంట, ఏది నిజం అంటుంది. రెండిటికీ గొడవ లేదు, సూర్యుడు కూడా సెకనుకి దాదాపు 220 కిలోమీటర్ల స్పీడుతో పాలపుంత మధ్యభాగం చుట్టూ తిరుగుతున్నాడు, ఒక రౌండుకి 20 కోట్ల ఏళ్ల పైనే పడుతుంది అని చెప్పా. దాంతో సూర్యుడు మనల్ని వదిలేసి వెళ్లిపోతాడా అని భయపడి ఆ రాత్రి సరిగ్గా పడుకోలేదు.

బత్తాయి, టార్చ్‌తో ట్రై చేశా, అందులో సూర్యుడు ఒకే చోట ఉండిపోతున్నాడు. టార్చ్ పట్టుకుని నేను నడుస్తుంటే పాపని బంతితో నా చుట్టూ తిరగమన్నా, నాలుగు అడుగులకే కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. వీడియోలు వద్దనుకుంటున్నా, చేత్తో చేస్తేనే తనకి ఎక్కుతుంది.

సూర్యుడు ముందుకెళ్తూ భూమిని కూడా తనతోపాటే తీసుకెళ్తాడని ఈ వయసు పిల్లలకి అర్థమయ్యేలా, ఇంట్లో ఉన్న వస్తువులతో మీరెవరైనా ఎలా చేసి చూపించారు?