టర్కిష్ పెద్ద ఐకి యూనికోడ్ వేరే కోడ్ ఇచ్చి ఉండాల్సిందా?

లిపిరేఖ:
టర్కిష్‌లో ఐ రెండు రకాలు, చుక్కున్నది, చుక్కలేనిది. 1928 లిపి సంస్కరణ నుంచీ ఇవి వేర్వేరు అచ్చులు, పెద్దక్షరాలూ వేరే. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో కోడ్ సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అది రెండింటికే కొత్త చోటిచ్చింది: చుక్కలేని చిన్నది 0131, చుక్కున్న పెద్దది 0130. మిగతా రెండూ ఇంగ్లీషు వాడే 0049, 0069లే. గ్రీకు ఆల్ఫా అచ్చం లాటిన్ ఏలాగే ఉన్నా వేరే కోడ్ ఇచ్చారు కదా! ఇక్కడా నాలుగింటికీ విడిగా ఇచ్చి ఉంటే కేస్ (పెద్దక్షరం, చిన్నక్షరం) మార్చేటప్పుడు, 0049ని చుక్కతో చిన్నది చేయాలా, చుక్క లేకుండానా అని భాష అడగాల్సిన పనే ఉండేది కాదు. ఇది యూనికోడ్ తప్పే అంటాను.

అచ్చుపెట్టె:
ఒప్పుకోను. గ్రీకు వేరే లిపి, టర్కిష్ రాసేది లాటిన్ లిపిలోనే. అంతకన్నా పెద్ద చిక్కు పాత ఫైళ్లది. 1989లో వచ్చిన టర్కిష్ కోడ్ పట్టిక ఐఎస్ఓ 8859-9, పశ్చిమ యూరప్ భాషల పట్టిక లాటిన్-1లోని ఆరు ఐస్‌లాండిక్ అక్షరాలను తీసేసి టర్కిష్ అక్షరాలు పెట్టింది. చుక్కలేని చిన్నదానికి 253, చుక్కున్న పెద్దదానికి 221. మామూలు ఐలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల మూల పట్టిక ఆస్కీలో ఉన్నట్టే 73 (పెద్దది), 105 (చిన్నది). అంటే ఒకే ఫైల్లో టర్కిష్ మాటా, హెచ్‌టీఎంఎల్ ట్యాగూ, ఇంగ్లీషు పేరూ అన్నీ అదే 73తో ఉన్నాయి. వీటిలో ఏది టర్కిష్ ఐ అని మార్పిడి ప్రోగ్రాం ఎలా కనిపెడుతుంది? తప్పు ఊహిస్తే వెతుకులాటలో మాట దొరకదు, చూస్తే తేడా కనబడదు. కంటికి ఒకటే, కోడ్ వేరు అయితే నకిలీ డొమైన్ పేర్లకూ దారి తెరిచినట్టే.

కోడ్‌బాట:
తప్పెవరిదైనా దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్తాను. జావా ప్రోగ్రామింగ్ భాషలో, చిన్నక్షరాలు చేసే టులోయర్‌కేస్ ఫంక్షన్‌కి లొకేల్ (ఏ భాష, ఏ ప్రాంతం అనే సెట్టింగ్) ఇవ్వకపోతే యంత్రం సెట్టింగే తీసుకుంటుంది. అది టర్కిష్ అయితే పెద్దక్షరాల్లోని "టైటిల్" చిన్నక్షరాల్లోకి మారేటప్పుడు మధ్యలో చుక్కలేని ఐ దూరుతుంది, ఆ పేరుతో పట్టికలో ఏమీ దొరకదు. మనుషులు చదివే పాఠానికి భాష ఇవ్వండి, యంత్రం వాడే కీలకీ ట్యాగులకీ ఏ భాషకీ చెందని లొకేల్ రూట్ ఇవ్వండి. సీ షార్ప్‌లో పోల్చడానికి, భాషను పట్టించుకోని ఆర్డినల్ ఇగ్నోర్‌కేస్ వాడండి.

భాష చెప్పనప్పుడు వర్తించే యూనికోడ్ డిఫాల్ట్ నియమాల్లోనూ రెండు గుంటలున్నాయి. 0131ని పెద్దది చేస్తే మామూలు 0049 అవుతుంది, తిరిగి చిన్నది చేస్తే 0069. పోల్చడానికి పెద్దా చిన్నా తేడా తీసేసే కేస్ ఫోల్డింగ్ మాత్రం 0131ని ముట్టుకోదు. కాబట్టి యూజర్ పేర్లను ఒకచోట పెద్దక్షరాలు చేసి, ఇంకోచోట ఫోల్డ్ చేసి పోలిస్తే, మామూలు ఐ పేరువాళ్లూ, చుక్కలేని ఐ పేరువాళ్లూ ఒక దారిలో ఒకరే, ఇంకో దారిలో ఇద్దరు. పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ వేరేవాళ్లకి పోయే ప్రమాదం ఇక్కడే. రెండోది, 0130ని చిన్నది చేస్తే 0069, 0307 (పైన పెట్టే చుక్క) అని రెండు కోడ్‌లు వస్తాయి. యూనికోడ్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో 2 బైట్లు 3 అవుతాయి. పొడవు మారదనుకుని ముందే కేటాయించిన జాగా, అంటే బఫర్, పొంగిపోతుంది.

మీటపలక:
టైపింగ్ సంగతి కూడా. టర్కిష్ క్యూ లేఅవుట్‌లో ఇంగ్లీషు ఐ ఉండేచోట చుక్కలేనిది, ఎల్‌కి కుడివైపు రెండో మీట మీద చుక్కున్నది. విండోస్‌లో చుక్కలేని చిన్నదానికి ఆల్ట్ 0253, కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) 1254 ఉంటేనే పనిచేస్తుంది, 1252లో వై మీద వాలుగీత వస్తుంది. వర్డ్‌లో 0131 కొట్టి ఆల్ట్ ఎక్స్. ముందు అంకెగానీ, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరంగానీ ఆనుకుని ఉంటే దాన్నీ కలిపేసుకుంటుంది, అందుకని నాలుగంకెలే సెలెక్ట్ చేసి నొక్కండి. మ్యాక్ అమెరికన్ లేఅవుట్‌లో ఆప్షన్ షిఫ్ట్ బీ. వెబ్ పేజీకి భాష టర్కిష్ అని ప్రకటించకపోతే పేజీ రూపం దిద్దే సీఎస్ఎస్ పెద్దక్షరాలు చేసేటప్పుడు చుక్కున్న చిన్న ఐని చుక్క లేకుండానే చూపిస్తుంది.

లిపిరేఖ:
అచ్చుపెట్టె గారూ, పాత ఫైళ్ల మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ కోడ్‌బాట గారు చూపించినవన్నీ టర్కిష్ సెట్టింగ్‌లో ఒక్కసారీ నడిపి చూడని ప్రోగ్రాంలలోనే బయటపడతాయి. భాష చెప్పకుండా కేస్ మార్చనిచ్చే ఫంక్షనే ఉండకూడదు.

కోడ్‌బాట:
అంతవరకూ నేనూ మీవైపే. పీహెచ్‌పీ భాష 8.2 నుంచి, చిన్నక్షరాలు చేసే స్ట్రింగ్ టు లోయర్ లొకేల్‌ని చూడదు, ఆస్కీ అక్షరాలనే మారుస్తుంది. జావా మాత్రం పాత ప్రోగ్రాంల కోసం లొకేల్ అడగని రూపాన్ని ఇంకా ఉంచింది. మీ కోడ్‌లో దాన్ని వెతికి, ఒక్కో చోటా అది మనిషికా యంత్రానికా అని చూసి మార్చండి.